చదువుల ఆదివారం

నా భార్య ప్రిస్కిల్లా చనిపోయిన రోజు మా బడిలో పదో తరగతికి లెక్కల పరీక్ష. పేపర్లు పంచి, బల్లల మధ్య ఒకసారి తిరిగి వచ్చి, కుర్చీలో కూర్చుని తల పట్టుకుందట. నేను పక్క గదిలో ఎనిమిదో తరగతి వాళ్ళ దగ్గర ఉన్నాను. పిల్లలు పరుగెత్తుకొచ్చి పిలిచేసరికే ఆమెకు మాట తడబడుతోంది. సాలూరు ఆసుపత్రిలో చూసి వెంటనే విజయనగరం తీసుకెళ్ళమన్నారు. హెడ్మాస్టరు గారు తన కారు ఇచ్చారు.

నవంబరు నెల. రోడ్డుకు రెండు పక్కలా వరి పండి వంగి ఉంది. రామభద్రపురం దాటాక ఆమె కళ్ళు తెరిచింది. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న మనిషి, బడిలో మాట్లాడినంత స్పష్టంగా మాట్లాడింది.

"కుమారిని డిగ్రీలో లెక్కలే తీసుకోమనండి. నేను చెప్పమన్నానని చెప్పండి. వాళ్ళ నాన్న మీ మాటైతే వింటాడు."

"నువ్వే చెబుదువుగాని. ఇప్పుడు మాట్లాడకు," అన్నాను.

నా మాట విన్నట్టుగా కళ్ళు మూసుకుంది. గజపతినగరం రాకముందే ఊపిరి ఆగిపోయింది.

మాకు పిల్లలు లేరు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మేమిద్దరమే. నేను తెలుగు చెప్పేవాణ్ణి, ఆమె లెక్కలు చెప్పేది, ఆమెకు సర్కారు ఉద్యోగం వచ్చాక ఇద్దరం ఒకే బడికి ఒకే బండి మీద వెళ్ళేవాళ్ళం. ఆమె చివరిగా పలికిన పేరు నాది కాదు. సమాధి దగ్గర ఈ సంగతి నాకు గుర్తు రాలేదు. తర్వాత, జనం వెళ్ళిపోయాక, అన్నం తినేటప్పుడు గుర్తొచ్చేది.

*

కుమారి లారీ డ్రైవరు గంగులు కూతురు. మా సాలూరులో సగం ఇళ్ళ బతుకు లారీల మీదే. గంగులు భార్య ఎలీసమ్మ మా బాప్టిస్టు సంఘంలోనే పుట్టి పెరిగింది. గంగులు పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకున్నాడు గాని పేరు మార్చుకోలేదు. పౌలు అని పెడదామని పాస్టరు గారు అడిగితే, "పౌలంటే లోడింగ్ ఆఫీసులో నన్నెవుడు గుర్తుపడతాడండి? కిరాయి ఇంకోడికి ఎల్లిపోద్ది," అన్నాడట. గుడికి వస్తాడు, తలుపు పక్కన నిలబడతాడు. బండి తాళాలు చేతిలో ఉంటాయి. పాట ఎత్తుకుంటే మాత్రం అందరికన్నా అతని గొంతే పెద్దది.

కుమారి ఆరో తరగతిలో మా బడికి వచ్చింది. ఏడో తరగతికల్లా ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మా వంటింట్లో గట్టు నల్ల రాయిది. ప్రిస్కిల్లా దాని మీద సుద్దముక్కతో లెక్కలు చేసేది. పొయ్యి మీద కూర ఉడికేలోగా గట్టు నిండిపోయేది. గిన్నె దించడానికి చోటు కోసం నేను గుడ్డ తీసుకుంటే ఇద్దరూ ఒకేసారి కేకేసేవారు.

"ఆ మూల తుడవకండి! అది ఇంకా అవ్వలేదు!"

గిన్నె పట్టుకుని వంటింటి బయట నిలబడేవాణ్ణి. లోపల్నుంచి ఉన్నట్టుండి నవ్వులు వినిపించేవి. ఎందుకు నవ్వుకున్నారని అడిగితే, లెక్క తేలిందని చెప్పేవారు. లెక్క తేలితే నవ్వు ఎందుకు వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఆ పిల్ల ఇంటర్లో ఎంపీసీ చేరినా ఆదివారాలు మానలేదు.

ఆమె పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు వంటలు చేయడానికి వచ్చిన మా బంధువులు ఆ గట్టు శుభ్రంగా కడిగేశారు. వాళ్ళకు తెలియదు. నేను చూస్తూనే ఉన్నాను, వద్దనలేదు.

*

ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. కుమారికి లెక్కల్లో ఒక్క మార్కు కూడా పోలేదు. మే నెలలో ఒకరోజు సాయంత్రం గంగులు, ఎలీసమ్మ, కుమారి ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. గంగులు భుజం మీద పనసకాయ ఉంది.

"ఒక్కణ్ణే ఉన్నాను, ఇంత కాయ ఏం చేసుకోను గంగులూ?"

"పంచండి మేష్టారూ. పనసకాయని ఒక్కడే తిన్నోడు బాగుపడ్డాడేటి?"

కూర్చున్నారు. నేను టీ పెట్టాను. కుమారి లేచి వంటింట్లోకి వచ్చి గ్లాసులు తీసింది. గట్టు వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

గంగులు టీ తాగి గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మేష్టారూ, నాకొచ్చిన బండి బాషలో అడుగుతాను, ఏటీ అనుకోకండి. ఇక్కణ్ణుంచి రాయ్‌పూర్ లోడు దొరుకుతాది. అది ఎవుడికైనా దొరుకుతాది. అక్కణ్ణుంచి రిటర్న్ లోడు ఉన్నాదా లేదా, అదీ సంగతి. రిటర్న్ నేకపోతే డీజిలూ టోలూ అన్నీ మన నెత్తి మీదే. మా గుంట లెక్కల డిగ్రీ అంతన్నాది. దానికి రిటర్న్ లోడు ఉన్నాదా?"

"నేనేటి బస్తానా నాన్నా?" అంది కుమారి గుమ్మంలోంచి.

"బస్తావైతే బాగుణ్ణే. బస్తాకి తూకం సీటీ ఉంటాది. నీకేటున్నాది?"

ఎలీసమ్మ అందుకుంది. "ఫార్మసీ అయితే రెండేళ్ళేనంట అయ్యగారూ. మా తమ్ముడు పార్వతీపురంలో మందుల షాపు పెడతానంతన్నాడు. ఇంట్లో ఒకలికి సర్టిఫికెట్టు ఉంటే సాలంట. గోడకి తగిలిస్తే షాపు నడిసిపోద్దంట."

"సర్టిఫికెట్టు గోడకి తగిలిస్తారు సరే. నన్నెక్కడ తగిలిస్తారే అమ్మా?"

"నోరు, నోరు! మేష్టారి ముందు ఏటా మాటలు?"

నాకు నవ్వు రావలసింది. రాలేదు. గంగులు నా ముఖం వంక చూస్తున్నాడు. అతనికి కావలసింది ఒక జవాబు. అది నాకు తెలుసు. ఆ జవాబు ఇవ్వమని నాకు ఒకరు చెప్పి వెళ్ళారు.

నేను చెప్పింది ఇది.

"డిగ్రీ నాలుగేళ్ళు. మూడేళ్ళకు ఆపుకోవచ్చు, ఆపితే ఆ పట్టాతో పెద్దగా ఏదీ రాదు. దాని మీద ఎమ్మెస్సీ. టీచరు కావాలంటే బీఈడీ కూడా. ఆ తర్వాత డీఎస్సీ. అది ఎప్పుడు పడుతుందో చెప్పేవాళ్ళు లేరు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు ఎక్కువ ఉండదు గంగులూ. ఖర్చయ్యేది ఏళ్ళు."

"అంటే ఈ గుంటకి పాతికేళ్ళు దాటిపోతాయి."

"దాటుతాయి. మీ మేడం సంగతే చూడు. క్లాసులో ఫస్టు వచ్చిన మనిషి. ఉద్యోగం వచ్చేదాకా ప్రైవేటు కాలేజీల్లో తెల్లవారకముందు బస్సెక్కి, చీకటి పడ్డాక దిగేది. సర్కారు బడిలో చేరేసరికి జుట్టు నెరిసింది."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"లెక్కలు సదివినోళ్ళంతా టీచర్లే అవ్వాలేటండి?" అంది కుమారి. గుమ్మం దిగి వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. "ఎమ్మెస్సీకి పెద్ద పెద్ద సంస్థల్లో ఎంట్రన్సు ఉంటాది. బేంకుల్లో, ఇన్సూరెన్సు కంపెనీల్లో లెక్కలోళ్ళే కావాలి. నాన్నా, నీ ఓనరు బండికి ఏడాదికి ఇన్సూరెన్సు ఎంత కట్టాలో ఎవుడు లెక్కేసాడనుకున్నావు?"

"ఆడెవుడో గాని దొరికితే సెప్పే, సాలూరు రప్పిద్దాం. మా ఓనరు ఆడి కోసం ఎతుకుతన్నాడు."

ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుమారి కూడా నవ్వింది. మళ్ళీ వెంటనే నా వైపు తిరిగింది.

"ఆడూ లెక్కలే సదివాడు కదండీ మేష్టారూ?"

"చదివే ఉంటాడమ్మా. అలాంటి వాళ్ళు ఎందరు ఉంటారు?"

"ఎందరుంటారో నాకు తెలీదు గానండి, ఉంటారు కదా."

గంగులు చేతిలో తాళాలు తిప్పాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మేడం ఉంటే ఏటి సెప్పేవోరండి?"

ఆ ప్రశ్న వస్తుందని నేను ఎదురు చూస్తూనే ఉన్నాను. "ఆమెకు లెక్కలంటే ఇష్టం. ఇష్టం ఉన్నచోట మనిషి ఖర్చు చూడడు," అన్నాను. అది జవాబు కాదు. వాళ్ళకు మాత్రం జవాబులాగే వినిపించింది.

గంగులు లేచాడు. "అయితే ఒక పని సేద్దాం. వచ్చే నెల సదువుల ఆదివారం ఉన్నాది కదండీ. మా గుంటని మీ ముందు నిలబెడతాను. ప్రార్థనలో మీ నోట ఏ సదువు వస్తే అదే. దేవుడు పలికిస్తాడు. ఒసే, నీకు సమ్మతమే కదా?"

కుమారి నా వంక చూసింది. ఆమెకు ధైర్యం వచ్చినట్టు కనిపించింది.

"మేష్టారైతే సమ్మతమే," అంది.

*

చదువుల ఆదివారం మా సంఘంలో పాత అలవాటు. బళ్ళు తెరిచే ముందు వచ్చే ఆదివారం పిల్లలందరూ సంచులు పుస్తకాలు పట్టుకుని గుడికి వస్తారు. ఆరాధన మధ్యలో ఒక్కొక్కరే ముందుకు వచ్చి చాప మీద మోకరిస్తారు. సంఘ పెద్ద తల మీద చెయ్యి ఉంచి, పేరు చెప్పి, చదవబోయే చదువు చెప్పి ప్రార్థన చేస్తాడు. సంఘమంతా ఆమెన్ అంటుంది. అక్కడ పలికిన చదువును తర్వాత మార్చుకున్న ఇల్లు నాకు తెలిసి లేదు. మార్చకూడదని ఎక్కడా రాసి లేదు. దేవుడి ముందు అనేశాం కదా అంటారు, అంతే. మాటలు పొదుపుగా వాడతానని ఆ పని నాకు అప్పగించారు. చాలా ఏళ్ళుగా నేనే చేస్తున్నాను.

గంగులు అడిగినదాన్ని నేను ఆ సాయంత్రమే కాదనవలసింది. ఏమి చదవాలో తేల్చుకుని రండి, తేల్చుకున్నది నేను పలుకుతాను, అది దేవుణ్ణి అడగడం. తేల్చకుండా నా నోటికి వదిలేయడం వేరు, అని చెప్పవలసింది. చెప్పలేదు. నా మీద అంత నమ్మకం పెట్టినందుకు లోపల కొంచెం బాగుందనిపించింది కూడా.

ఆ మూడు వారాలూ నేను ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఒక పక్క ఏళ్ళు, ఇంకో పక్క రెండేళ్ళలో చేతికొచ్చే సర్టిఫికెట్టు. ఒక పక్క వస్తుందో రాదో తెలియని ఉద్యోగం, ఇంకో పక్క మేనమామ షాపు. పెళ్ళయిన కొత్తలో ప్రిస్కిల్లా కాలేజీ నుంచి అలిసిపోయి వస్తే, ఇంత చదివి నీకేం వచ్చిందని అడిగాను. చెప్పులు విప్పుకుంటూ, "పొద్దున్నే లేవబుద్ధయ్యే పని వచ్చింది," అంది. ఆ మాట కూడా తూకంలో వేసి చూశాను. ఎటు వేయాలో తెలియక తీసేశాను.

జూన్ మొదటి ఆదివారం ఎండ బాగా ఉంది. గుడి నిండా కొత్త సంచుల వాసన. చిన్న తరగతుల వాళ్ళు ముందు వచ్చారు. ఒక చిన్నపిల్ల మోకరించి కళ్ళు మూసుకుని, "ఇంగ్లీషు మీడియం అని కూడా చెప్పండి సార్," అని గుసగుసగా గుర్తు చేసింది. చెప్పాను.

చివర్లో కుమారి వచ్చింది. చున్నీ తల మీదకు లాక్కుని చాప మీద మోకరించింది. తలుపు దగ్గర నిలబడే గంగులు ఆ రోజు లోపలికి, మగవాళ్ళ మొదటి వరుస దాకా వచ్చాడు. నేను చెయ్యి ఆ పిల్ల తల మీద ఉంచాను.

ఏ చదువు పేరూ చెప్పకుండా, మంచి దారి చూపించు తండ్రీ అని మాత్రమే అందామనుకుని వెళ్ళాను. అలా అన్నా సరిపోయేది. ఇంటికి వెళ్ళి వాళ్ళే తేల్చుకునేవారు. కళ్ళు మూసుకోగానే కారు గుర్తొచ్చింది. నేను చెప్పమన్నానని చెప్పండి, అన్న మాట ఆ గొంతుతోనే వినిపించింది. ఉన్న కాసిని మాటలూ ఈ పిల్లకు ఇచ్చి వెళ్ళిపోయింది, నాకేమీ ఇవ్వలేదు అనుకున్నాను. ప్రార్థనలో, చెయ్యి తల మీద ఉండగా, నేను అనుకున్నది అది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీ బిడ్డ కుమారిని నీ సన్నిధిలో ఉంచుచున్నాము. ఆమె చదవబోవు ఫార్మసీ విద్యను ఆశీర్వదించుము. ఆ మార్గమును సరాళము చేయుము. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ."

సంఘమంతా ఆమెన్ అంది. గంగులు గొంతు అందరికన్నా పెద్దగా వినిపించింది. నా చేతి కింద తల కదలలేదు.

బయట చెప్పుల దగ్గర గంగులు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. "గుండె బరువు దిగిందండి మేష్టారూ. మీరు పలికేదాకా నాను ఊపిరి తియ్యనేదు. ఇంక దీని గురించి మా ఇంట్లో గొడవ నేదు. దేవుడే సూసుకున్నాడు."

కుమారి ఎలీసమ్మ వెనక నిలబడి ఉంది. అందరూ అన్నట్టే "వందనాలు మేష్టారూ" అని, చెప్పులు వేసుకుని ఎండలోకి నడిచింది.

*

కుమారిని శ్రీకాకుళంలో ఫార్మసీ కాలేజీలో చేర్చారు. హాస్టల్లో ఉంచారు. ఆదివారాలు మా వంటింటి గుమ్మంలోకి ఎవరూ రావడం లేదు. బడిలో కొత్త లెక్కల మేష్టారు వచ్చారు. మంచివాడు. మొదటి రోజు స్టాఫు గదిలో ప్రిస్కిల్లా కుర్చీలో కూర్చోబోయి, ఎవరో చెప్పగా లేచి నిలబడ్డాడు. కూర్చోమని నేనే అన్నాను.

నాకు నిద్ర పట్టేది గాని ఆకలి వేసేది కాదు. పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. మాట ఇచ్చి తప్పినవాడి కథ వస్తే ఆ పాఠం ఒక పిల్లాడి చేత చదివించేవాణ్ణి. సంఘంలో ఎవరైనా ప్రార్థన చేయమంటే గొంతు బాగోలేదనేవాణ్ణి. మా ఇంటి దగ్గర ఉండే కూర్మమ్మ అల్లం కషాయం తెచ్చి ఇచ్చింది. తాగాను.

అక్టోబరులో రెండో ఆదివారం, ఆరాధనకు వెళ్ళకుండా శ్రీకాకుళం బస్సెక్కాను. ప్రిస్కిల్లా డిగ్రీలో చదువుకున్న లెక్కల పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకున్నాను. ఆ అమ్మాయికి చెప్పవలసిన మాట రాజాం దాటాక మనసులో పేర్చుకున్నాను. మేడం నిన్ను లెక్కలే చదవమంది. చెప్పమని నాకు చెప్పింది. నేను చెప్పలేదు. మూడు వాక్యాలు. నాలుగోది అక్కరలేదు.

హాస్టలు గేటు పక్కన రేకుల షెడ్డు కింద బెంచీలు ఉన్నాయి. వచ్చినవాళ్ళు అక్కడ కూర్చోవాలి. కుమారి పరుగులాంటి నడకతో వచ్చింది.

"మీరొచ్చారేటి మేష్టారూ! నాన్నకేటైనా అయ్యిందేటి?"

"అందరూ బాగున్నారు. చూసి పోదామని వచ్చాను."

ఆమె ముఖం తేటపడింది. పక్కన కూర్చుని గబగబా మాట్లాడింది. హాస్టల్లో సాంబారులో ముక్క దొరికితే ఆ రోజు పండగేనట. మందు మోతాదుల లెక్కలు వస్తే గదిలో వాళ్ళందరూ ఆమె చుట్టూ చేరతారట. "నూటికి ఇంతని వేయడం రాకుండా మందులెలా ఇస్తారండి వీళ్ళు? రోగుల్ని తలుచుకుంటే భయం వేస్తాది," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గేటు వంక చూస్తూ అడిగింది.

"మేష్టారూ, ఒకటి అడగనా? ఆ రోజు కారులో మేడం నా గురించి ఏటైనా అన్నారేటండి?"

నేను అందుకే వచ్చాను. నోరు తెరిచాను.

"అనలేదు కదండీ? నాకు తెల్సు," అంది తనే. "ఆ రోజు గుడిలో నేను ఆమెన్ అనలేదు మేష్టారూ. మీరంటే చాలా కోపం వచ్చింది. ఇక్కడికొచ్చాక కూడా ఉండేది. తర్వాత కూర్చుని ఆలోచించాను. మేడం ఏటైనా చెప్పుంటే మేష్టారు దాయరు కదా, మేడం మాట మేష్టారు ఎప్పుడు దాటారు, అనుకున్నాను. చెప్పలేదు కాబట్టే ఆయనకి మంచిదని తోచింది చెప్పారు. అలా అనుకున్నాక కోపం పోయింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. చెప్పుంటే మాత్రం నాన్నతో పోట్లాడేదాన్ని. అన్నం మానేసేదాన్ని."

షెడ్డు కింద ఇంకెవరో తల్లి తన కూతురికి జడ వేస్తోంది. పేర్చుకున్న మూడు వాక్యాల్లో మొదటి వాక్యం నాకు గుర్తుంది. అది చెబితే తర్వాతి రెండూ చెప్పాలి.

"ఏమీ అనలేదమ్మా. నొప్పిలో ఉంది," అన్నాను.

ఆమె తల ఊపింది. "ఆమెన్ అననందుకు దేవుడికి కోపం వస్తాదేటండి?"

"రాదు."

ఆ రోజు నేను ఆడిన నిజం అదొక్కటే.

సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాను. "ఇప్పుడు నాకిదెందుకండి?" అంటూనే తెరిచింది. పేజీల అంచుల్లో ప్రిస్కిల్లా పెన్సిలు రాతలు ఉన్నాయి. కుమారి వేలు పెట్టి ఒకచోట చదివింది, పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. నేను పక్కన ఉన్నానని మరిచిపోయింది.

"అయ్యో, మేడం ఇక్కడ తప్పులో కాలేశారండి! చూడండి, కింద మళ్ళీ మొదట్నుంచి చేసుకున్నారు!"

గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. గిన్నె పట్టుకుని వంటింటి బయట నిలబడి చాలాసార్లు విన్నాను.

బస్సు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. ఇంకో చేతిలో పుస్తకం, వేలు పేజీల మధ్యలో పెట్టే ఉంది.

*

మళ్ళీ నవంబరు వచ్చింది. వచ్చే ఆదివారం ప్రిస్కిల్లా జ్ఞాపకార్థ కూడిక. నిన్న గంగులు ఇంటికి వచ్చాడు. కుర్చీలూ షామియానా తను చూసుకుంటానన్నాడు.

"కుమారి వస్తాదండి. మేడం గురించి సాక్ష్యం సెప్తాదంట. మా ఓనరుతో సెప్పేసాను, ఆ రోజు బండి ఎక్కనని. మేష్టారూ, ఇంకో మాట. మా అన్న అసిరయ్య కొడుకు ఇంటర్లో ఉన్నాడు. ఆడికీ ఏటి సదవాలో తెలీటం నేదు. వచ్చే జూన్లో తీసుకొస్తాను, మీరు పలకాలి. లోడింగ్ ఆఫీసులో అందరికీ సెప్పాను, మా మేష్టారి నోట దేవుడు పలికిస్తాడని."

"అలా చెప్పకు గంగులూ."

"మీకు తెలీదులెండి. సేసినోడికి తెలీదు."

టీ ఇచ్చాను. అతను ఊదుకుంటూ తాగుతున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి అడిగాను.

"వచ్చే ఏడాది కూడా డిగ్రీలో చేరవచ్చు, తెలుసా గంగులూ? ఏడాది గ్యాప్ ఉన్నా తీసుకుంటారు."

"ఎవులికండి?"

"ఎవరికైనా."

"ఓహో," అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి, షామియానా వాడితో మాట్లాడాలని వెళ్ళిపోయాడు.

ఈ ఉదయం కూడిక కార్యక్రమం వరుస రాసి పాస్టరు గారికి ఇచ్చాను. మొదట పాట. తర్వాత వాక్యం. సాక్ష్యం కుమారి. ముగింపు ప్రార్థన నేను.

ప్రిస్కిల్లా చెప్పమన్న మాట నేను కుమారికి ఇంకా చెప్పలేదు. గంగులుకూ చెప్పలేదు.